గీతలాయన గీసిన కారు

పోయిన నెలలో మా అబ్బాయికి బూట్లు కొనడానికి పాండిచ్చేరిలో ఓ పెద్ద షాపింగ్ మాల్‌కి వెళ్ళాం. కింది అంతస్తులో, ఎస్కలేటర్ల మధ్య ఖాళీ స్థలంలో, చుట్టూ ఎర్రతాడు కట్టి ఒక కారుని నిలబెట్టారు. దాని ఒళ్ళంతా బొమ్మలే. తలుపుల మీద కళ్ళు, బానెట్ మీద ఆకులు, వెనకద్దం కింద రెక్కలు విప్పిన ఏదో పక్షి. పక్కన బోర్డు మీద కంపెనీ పేరు, బొమ్మలేసిన చిత్రకారుడి పేరు, ఆయన ఏ ఉద్దేశంతో వేశారో నాలుగు వాక్యాలు రాసి ఉన్నాయి. జనం తాడుకి వీపు ఆనించి ఫోటోలు దిగుతున్నారు. మావాడూ దిగాడు. నన్నూ రమ్మన్నాడు. నేను వెళ్ళకుండా ఆ కారు టైర్లనే చూస్తూ నిలబడిపోయాను. కొత్త టైరుకి ఉండే సన్నటి రబ్బరు నూగు ఇంకా అలాగే ఉంది. ఒక్క గజం కూడా రోడ్డు మీద నడవని కారది.

యానాంలో నాకు తెలిసిన ఒకాయన ఈ కారుని చూసి ఉంటే ముందు టైర్లే చూసేవారు. బొమ్మల సంగతి ఆ తర్వాత. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

ఊళ్ళో అందరూ ఆయన్ని గీతలాయన అనేవారు. ఆటోలకీ, వ్యాన్లకీ, స్కూటర్లకీ పక్కల పొడుగునా సన్నగా సాగే రంగుగీతలుంటాయే, అవి చేత్తో గీయడం ఆయన పని. బోర్డులు రాసేవారు కాదు, బొమ్మలు వేసేవారు కాదు. దేవుడి బొమ్మో, హీరో బొమ్మో వెయ్యమని ఎవరైనా వస్తే ద్రాక్షారామలో ఒకాయన ఉన్నాడు, అక్కడికి వెళ్ళండని పంపేసేవారు. "నాకు గీతొక్కటేనండి వచ్చు" అనేవారు. ఆ మాటలో వినయం ఎంత ఉండేదో గర్వమూ అంతే ఉండేది.

అప్పట్లో నేను అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. మావారి ఉద్యోగం పాండిచ్చేరిలో, అబ్బాయి చదువూ అక్కడే. ట్రాన్స్‌ఫర్ కోసం అర్జీలు పెట్టుకుంటూ ఆరేళ్ళు యానాంలో ఒక్కదాన్నే ఉన్నాను. నేను అద్దెకున్న మేడ మీద వాటాకి ఎదురుగా, సందుకి అవతల, ఆయన రేకుల షెడ్డు. ముందు పని, వెనక చిన్న గదిలో కాపురం. కాపురం అంటే ఆయనొక్కరే. పెళ్ళి సంగతి నేనెప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. కనకాలపేటలో తమ్ముడి కుటుంబం ఉండేది. ఆదివారం చర్చి అయ్యాక తమ్ముడి కోడలు ఒక గిన్నెలో కూర పంపేది. ఆ కూర ఆయనకి సోమవారం దాకా వచ్చేది. చర్చిలో కూడా ఆయన అన్నిటికన్నా వెనక బల్ల మీద, తలుపు పక్కన కూర్చునేవారు. అక్కణ్ణుంచి రోడ్డు కనపడుతుంది.

ఆయనతో నాకు మొదటి పరిచయం నా స్కూటీ వల్ల. కాకినాడ రోడ్డు మీద ఇసుకలో జారి పడ్డాను. నాకేం కాలేదుగానీ బండి పక్కన జానెడు పొడుగు గీరుకుపోయింది. షెడ్డు ముందు ఆపి, దీనికేమైనా చెయ్యగలరా అని అడిగాను. ఆయన గీరుకున్న చోట వేలితో రాసి చూసి, సాయంత్రం రమ్మన్నారు. సాయంత్రానికి ముందు చక్రం దగ్గర మొదలై వెనక లైటు దాకా ఒక పచ్చగీత పారి ఉంది. గీరు ఎక్కడుందో నాకే కనిపించలేదు. చాలా బాగుందన్నాను. ఆయనకి ఆ మాట నచ్చలేదు.

"ఇప్పుడేం చూశారండి? బండెక్కి ఆ మలుపు దాకా ఎల్లి రండి."

వెళ్ళి వచ్చాను. ఆయన రోడ్డు మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. "ఆయ్. పరవాలేదు, పారతంది" అని లోపలికి వెళ్ళిపోయారు. చూడాల్సింది నేను కాదనీ, బండి వెళుతుంటే ఆయన చూడాలనీ నాకప్పుడు అర్థమైంది.

మేడ మీదినుంచి ఆ పని ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ముందు చేతులు సబ్బుతో కడుక్కునేవారు. తువ్వాలుతో ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకునేవారు. పొడుగాటి వెంట్రుకలున్న సన్నటి కుంచెని రంగులో ముంచి, పాత సీసా మూత మీద అటూ ఇటూ తిప్పి, చిటికెన వేలు బండి రేకుకి ఆనించి, ఊపిరి బిగబట్టి మొదలుపెట్టేవారు. ఆటో పొడుగునా పక్కకి అడుగులేస్తూ పీతలా జరిగేవారు. గీత చివరికి వచ్చాక నీళ్ళలోంచి పైకి లేచిన మనిషిలా గట్టిగా ఊపిరి వదిలేవారు. ఆయన చేతిలో కుంచె ఉందంటే కూరగాయల బండి ఆవిడ కూడా కేక ఆపేసి, ఆ షెడ్డు దాటాక మళ్ళీ అందుకునేది. గీత పూర్తయితే మాత్రం ఆయన దాన్ని మళ్ళీ ముట్టుకునేవారు కాదు. "తడి ఉన్నంతసేపే మనదండి. ఆరిందంటే రోడ్డుదే" అనేవారు.

నేను వెళ్ళేసరికే ఆ పని తగ్గిపోయింది. రేడియం స్టిక్కర్లు వచ్చాయి. రోల్‌లోంచి చించి అంటించుకుంటే ఐదు నిమిషాల పని. కొత్త కార్లకి అసలు గీతలే ఉండవు. నెలకి రెండు ఆటోలో, మూడో వచ్చేవి. అయినా ఎనిమిదింటికల్లా షెడ్డు తలుపు తీసేవారు. కుంచెలు ఎండిపోకుండా నూనె రాసి బల్ల మీద వరసగా పెట్టుకుని, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చునేవారు. నేను వెళితే లేచి ఆ కుర్చీ నాకిచ్చి ఆయన నిలబడేవారు. ఇంకో కుర్చీ కొనుక్కోవచ్చుగా బాబాయ్ గారూ అంటే, "ఒకరు వత్తేనే గదండీ రెండోదానితో పని" అన్నారోసారి. వచ్చినప్పుడు నిలబడటం తనకి కష్టం కాదట. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. స్కూలునుంచి వచ్చి, స్కూటీ ఆపి, పది నిమిషాలు అక్కడ కూర్చుని పైకి వెళ్ళేదాన్ని. పైన నాకోసం ఎదురుచూసే మనిషి లేదు. ఆయనకీ లేదు. ఆ పది నిమిషాలకి అదే కారణం అనుకుంటాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ షెడ్డు ముందు కాకినాడ ఆటో ఒకటి ఆగింది. అందులోంచి నలభై అయిదేళ్ళావిడ దిగింది. పొట్టి జుట్టు, వీపున పెద్ద సంచి. ఆమె బరోడాలో ఉండే చిత్రకారిణి. కాకినాడ స్టేషన్ బయట ఆ ఆటోని చూసి, ఈ గీతలు ఎవరు గీశారని డ్రైవర్ని సైగలతో అడిగి, వెళ్ళాల్సిన చోటు మానేసి అదే ఆటోలో యానాం వచ్చేసింది. ఆవిడకి తెలుగు రాదు. గీతలాయనకి ఇంగ్లీషూ, హిందీ రావు. గీతలాయన మేడ మీదికి చూపిస్తే డ్రైవరు నన్ను కేకేశాడు. అలా వాళ్ళిద్దరి మధ్య మాట మోసే పని నాకు వచ్చింది.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. ఒక కార్ల కంపెనీ తన కొత్త కారుని ఆవిడ చేతికిచ్చి, ఇష్టం వచ్చినట్టు దాని మీద బొమ్మ వెయ్యమంది. ఆ కారు మీద గీత ఆయన గియ్యాలని ఆవిడ కోరిక. విదేశాల్లో కార్ల కంపెనీలు ఎప్పటినుంచో పేరున్న చిత్రకారులతో ఇలా వేయిస్తున్నాయట. ఆవిడ తన ట్యాబ్‌లో ఆ కార్ల ఫోటోలు చూపించింది. ఒకదాని నిండా చుక్కలు. ఒకదాని మీద చిన్నపిల్లలు చేతులు ముంచి అద్దినట్టు రంగులు. ఒకటి నల్లగా, దాని మీద తెల్లటి అక్షరాలు. గీతలాయన కుర్చీ పక్కన నిలబడి వంగి చూస్తూ, ప్రతి ఫోటోకీ ఒకటే ప్రశ్న అడిగారు. ఇది ఏ రోడ్డు మీద తిరుగుద్ది అని. ఆవిడ నవ్వి, ఒక ఫోటో దగ్గర ఆగి, ఇది రంగులేశాక పందెంలో పరుగెత్తిందని చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. ఆయన ఆ ఫోటోని మళ్ళీ చూపించమన్నారు. చాలాసేపు చూశారు.

"అయితే చేత్తానని చెప్పండి" అన్నారు.

నాలుగు రోజుల తర్వాత కంపెనీవాళ్ళు పంపిన కాగితాలు నేనే చదివాను. అందులో ఒక చోట, ఈ కారు ప్రదర్శనకి మాత్రమే, రోడ్డు మీద నడపబడదు అని ఉంది. ఆ వాక్యం నేను ఆయనకి చదివి వినిపించలేదు. ఆ రోజుల్లో ఆయన షెడ్డు ముందు ఆగే బండి లేదు. ఆయన ఆ ముందు రోజే కాకినాడ వెళ్ళి కొత్త కుంచెలు తెచ్చుకున్నారు. అంత చిన్న సంగతి చెప్పి ఆయన ఉత్సాహం పాడుచెయ్యడం ఎందుకనుకున్నాను. నాకది చిన్న సంగతిలాగే కనిపించింది.

కారు ట్రాలీ మీద వచ్చింది. తెల్లటిది. యానాం పక్కనే ఉన్న అడివిపొలం అనే ఊళ్ళో రొయ్యల మేత నిలవచేసే గోడౌన్ ఒకటి ఖాళీగా ఉంటే అక్కడ దింపారు. ఇద్దరు కంపెనీ మనుషులు ఎప్పుడూ కాపలా ఉండేవారు. ఆ గోడౌన్‌లో పద్దెనిమిది రోజులు పని జరిగింది. స్కూలయ్యాక, సెలవు రోజుల్లో అయితే మధ్యాహ్నమే, నేను వెళ్ళేదాన్ని. వెళ్ళిన మొదటి రోజు తప్ప నా అవసరం వాళ్ళకి పడలేదు. ఆవిడ కారంతా నీలం వేసింది. కింద చిక్కగా, పైకి వెళ్ళేకొద్దీ పల్చగా, తెల్లవారుజాము గోదావరిలా. ఆయన దాని మీద ఒకే ఒక్క గీత గియ్యాలి. ముందు దీపం దగ్గర మొదలై, కారంతా చుట్టి, మళ్ళీ మొదలైన చోటికే రావాలి. కుంచెలో రంగు మూడు మూరలు కూడా రాదు. ఆగాలి, మళ్ళీ ముంచాలి, అతుకు తెలియకుండా అందుకోవాలి. ఆ అతుకులు ఎక్కడున్నాయో కనిపెట్టాలని ఆవిడ భూతద్దంతో కూడా చూసింది. దొరకలేదు. ఆయన గోడకానుకుని చిన్నగా నవ్వుతూ నిలబడ్డారు. ఆయన పళ్ళు నేను చూడటం అదే మొదటిసారి.

వాళ్ళిద్దరికీ మాటలతో పని పడలేదు. ఆవిడ సంతలో ఒక ప్లాస్టిక్ కుర్చీ కొని తెచ్చింది. మధ్యాహ్నం రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకుని, కారుని చూస్తూ, ఒకే క్యారేజీలోంచి అన్నం తినేవారు. ఆయన చేప ముల్లు తీసి పక్కన పెట్టడం చూసి ఆవిడ అలాగే తీసేది. ఆయన ఏదైనా అంటే ఆవిడ తల ఊపేది. ఆవిడ ఏదైనా అంటే ఆయన "ఆయ్" అనేవారు. ఇద్దరికీ అర్థమయ్యేదో లేదో నాకు తెలియదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆయన గీత గీస్తున్నారు. ఆవిడ ఆయన పక్కనే, ఆయన అడుగుకి అడుగేస్తూ, తనూ ఊపిరి బిగబట్టి నడుస్తోంది. చివరికి ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. నేను లోపలికి వెళ్ళకుండా కాసేపు గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

పని అయిపోయిన రోజున ఆయన నన్ను పిలిచి, కారుని ఒకసారి రోడ్డెక్కించమని కంపెనీవాళ్ళతో చెప్పమన్నారు. తమకి ఆ అధికారం లేదని వాళ్ళన్నారు. నేను అదే చెప్పాను. "పోనీలెండి. మెడ్రాసులో చూత్తాం" అన్నారు. నేనప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

మద్రాసులో ఒక పెద్ద హోటల్లో ఆ కారుని అందరికీ చూపించే సభ. కంపెనీవాళ్ళు మా ఇద్దరికీ టిక్కెట్లు పంపారు. ఆయన తెల్ల చొక్కా కుట్టించుకున్నారు. సంచిలో కుంచెలు, చిన్న డబ్బాలో రంగు తెచ్చుకున్నారు. ఎందుకండీ అంటే, కారు నడిచాక ఎక్కడైనా దిద్దాల్సి వస్తుందేమో అన్నారు. హాలు మధ్యలో గుండ్రటి వేదిక. దీపాలు ఆర్పి, వెలిగించి, గుడ్డ లాగేశారు. నీలం కారు నెమ్మదిగా తన చుట్టూ తాను తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతున్నది వేదికే. చక్రాలు కదలడంలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. బోర్డు మీద ఆవిడ పేరూ, ఆ పక్కనే అంతే పెద్ద అక్షరాలతో ఆయన పేరూ ఉన్నాయి. ఆ విషయంలో ఆవిడ ఎంతో న్యాయంగా చేసింది. నేను ఆయనకి ఆ పేరు చూపించాను. ఆయన చూడలేదు. చక్రాల వంక చూస్తున్నారు.

"దీనికి నెంబరెప్పుడొత్తాది?" అని అడిగారు. నేను పక్కనున్న కంపెనీ ఆఫీసర్ని అడిగాను. ఆ ఆఫీసరు నవ్వి, దీనికి నెంబరుండదు, ఊరూరా ప్రదర్శనలకి పెట్టెలో పెట్టి పంపుతాం, అన్నాడు. ఇంక దాచడానికి వీల్లేదు. చెప్పాను. ఆయన సంచిని ఒళ్ళోకి తీసుకున్నారు.

కాసేపటికి ఆయన్ని వేదిక మీదికి పిలిచి మైకు ఇచ్చారు. ఆవిడ ఒక పక్కన, నేను ఒక పక్కన. ఆయన మైకుని రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా, చాలా స్పష్టంగా మాట్లాడారు.

"బండి బాగుందండి. మేడమ్ గారు చాలా బాగా ఏశారు. కానీ దీన్నెక్కడికీ ఎల్లనియ్యరంట. ఎల్లని బండికి గీతెందుకండి? ముందే తెలిసుంటే నేను గీసేవాణ్ణి కాదు."

హాలంతా నా వైపు చూసింది. ఎంతోమంది, కెమెరాలు, ముందు వరసలో కంపెనీ పెద్దలు. నా పక్కన ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, ఆయన ఏమన్నారో అని ఆశగా నా మొహంలోకి చూస్తోంది. నేను ఇంగ్లీషులో చెప్పాను: ఇది తన జీవితంలో గొప్ప గౌరవమనీ, తను చేసిన పనుల్లో ఇదే ఉత్తమమైనదనీ, మేడమ్‌కీ కంపెనీకీ కృతజ్ఞతలనీ అంటున్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆవిడ ఆయన్ని కౌగలించుకుంది. ఆయన మాత్రం ఆవిడ భుజం మీదుగా నన్నే చూశారు.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. పొద్దున్నే రాజమండ్రిలో బండి ఆగితే నేను రెండు టీలు తీసుకున్నాను. టీ తాగి, కప్పు కిటికీలో పెట్టి, అప్పుడన్నారు.

"టీచర్ గారూ, నేనన్న మాట మీరు చెప్పలేదు గదండీ."

ఎందుకలా అనుకుంటున్నారని అడిగాను.

"నేనన్నదే చెప్పుంటే ఆవిడ మొహం మారాలి. మారలేదు. సంతోషపడింది."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. సామర్లకోట వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే కూర్చున్నారు.

ఆ తర్వాత నేను షెడ్డుకి వెళితే ఎప్పటిలాగే లేచి తన కుర్చీ ఇచ్చేవారు. ఆవిడ కొన్న ప్లాస్టిక్ కుర్చీ గోడ పక్కన ఉండేది. దాంట్లో ఆయన కూర్చునేవారు కాదు, నన్నూ కూర్చోమనేవారు కాదు. ఆవిడ నెలకోసారి నా ఫోనుకి చేసి ఆయనకిమ్మనేది. అటు ఆవిడ, ఇటు ఆయన. "ఆయ్... బాగున్నానండి... ఆయ్" అని, కాసేపు చెవికి పెట్టుకుని ఉండి, ఫోను నాకు తిరిగి ఇచ్చేవారు. నన్ను ఏమీ చెప్పమనేవారు కాదు. నా చేత ఇంక మాట మోయించకూడదని అనుకున్నారని నాకు తెలుస్తూనే ఉండేది. నా పది నిమిషాలు అయిదయ్యాయి. కొన్ని రోజులు స్కూటీ ఆపకుండానే పైకి వెళ్ళిపోయేదాన్ని. పైన బాల్కనీలోంచి చూస్తే ఆయన రోడ్డు వంక చూస్తూ కూర్చుని ఉండేవారు.

ఉండబట్టలేక ఒక ఆదివారం ఆవిడకి పెద్ద మెసేజ్ రాశాను. కాగితాల్లోని వాక్యం దాచిన సంగతి, మైకులో ఆయన నిజంగా అన్న మాటలు, ఒక్కటీ తగ్గించకుండా అన్నీ రాశాను. చాలా రోజులు జవాబు లేదు. తర్వాత ఒక సాయంత్రం ఫోన్ చేసింది. ఎందుకలా చేశావని అడిగింది. మీరందరూ బాధపడతారని, అన్నాను.

"బాధపడాల్సింది మేమే కదా" అంది.

ఒక్క గంటైనా ఆ కారుని యానాం రోడ్డు మీద నడపనివ్వమని కంపెనీవాళ్ళని అడిగిందట. కుదరదన్నారట. కారు అప్పటికే వేరే దేశంలో ప్రదర్శనకి పెట్టెలోకి ఎక్కేసింది. ఆ మాట ఆయనకి నేనే చెప్పాను. విని, బల్ల మీది కుంచెలకి నూనె రాసుకున్నారు.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆవిడ సొంత కారు నడుపుకుంటూ వచ్చింది. బరోడానుంచి మూడు రోజుల ప్రయాణం. పదిహేనేళ్ళ నాటి చిన్న కారు. ఒక తలుపు రంగు ఒకటి, మిగతావాటి రంగు ఇంకొకటి. ముందు బంపరు చొట్ట. షెడ్డు ముందు ఆపి, దిగి, తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కారు చుట్టూ తిరిగి, వంగి, టైర్లు చూశారు. నాలుగూ అరిగిపోయి ఉన్నాయి. గట్టిగా నవ్వారు. నేను మేడ మెట్ల మీద నిలబడి ఉన్నాను. కిందికి దిగాల్సిన అవసరం కనిపించలేదు.

రెండు రోజులు పని చేశారు. మూడో రోజు పొద్దున్నే ముగ్గురం కారులో గోదావరి మీది ఎదుర్లంక వంతెన దగ్గరికి వెళ్ళాం. ఆయన్నీ నన్నూ వంతెన మొదట్లో దింపి, ఆవిడ అవతలి ఒడ్డు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఎండ కారు మీద పడి, ఎర్రటి గీత ఆ పాత రేకు మీదినుంచి విడిపోయి దానంతటదే ముందుకు పరిగెడుతున్నట్టు కనిపించింది. అన్నేళ్ళు ఆయన గీతలు చూశాను గానీ ఆయన చూసేది ఏమిటో నాకు కనపడింది ఆ రోజే. ఆవిడ మా పక్కన ఆపి, ఎలా ఉందో అడగమంది. చాలా నెలల తర్వాత ఆయన నా వైపు తిరిగి, ఒక మాట చెప్పమన్నారు.

"ఎడం పక్క ఎనక తలుపు కాడ సన్నబడిందండి. స్పీడులో తెగినట్టు కనపడతంది. వచ్చే ఏడు వత్తే సరిచేత్తానని చెప్పండి."

ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీసెయ్యకుండా చెప్పాను. ఆవిడ వెళ్ళి ఆ తలుపు చూసి వచ్చి, వచ్చే ఏడు తప్పకుండా వస్తానంది. ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత కారెక్కి వంతెన మీదుగా అమలాపురం వైపు వెళ్ళిపోయింది. కారు కనపడకుండా పోయాక కూడా ఆయన కదల్లేదు. ఎండ ఎక్కింది, నాకు స్కూలుకి టైమవుతోంది. ఆటో ఒకటి ఆపి, వెళదామా బాబాయ్ గారూ అన్నాను.

"మీరెల్లండి. నేను నడిచొత్తాను" అన్నారు.

తర్వాతి ఏడు ఆవిడ రాలేకపోయింది. ఏదో దేశంలో ఏడాది పాటు పని మీద ఉంది. ఆ విషయం ఆవిడ ఫోనులో చెప్పింది, నేను ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పాను. "పనుండాలిలెండి" అన్నారు. నాకు ఆ వేసవిలో ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఆరేళ్ళు ఎదురుచూసిన కాగితం. సామాను లారీకి ఎక్కిస్తుంటే ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి చూశారు. ఆయనకి కొత్త ఫోను ఒకటి కొనిచ్చి, అందులో నా నెంబరూ, ఆవిడ నెంబరూ ఎక్కించి, ఎలా నొక్కాలో చూపించాను. నేర్చుకున్నారు. కానీ ఎప్పుడూ చెయ్యలేదు. నేను మొదట్లో వారానికోసారి చేసేదాన్ని. తర్వాత నెలకోసారి. పాండిచ్చేరిలో ఇల్లు, పిల్లాడి పరీక్షలు, కొత్త స్కూలు. అవన్నీ నిజమే. అయినా ఫోన్ చెయ్యడానికి రెండు నిమిషాలు చాలు.

ఆ ఏడు పాండిచ్చేరిలో వానలు మొదలైన రోజుల్లో ఆయన నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. సంతోషంగా ఎత్తాను. మాట్లాడింది కనకాలపేట నుంచి ఆయన తమ్ముడి కోడలు.

"పెదమావయ్య గారు పోయారండి. శుక్రవారం. భూస్థాపన కూడా అయిపోయింది. ఎవరికి చెప్పాలో తెలీక ఫోన్లో చూశాం. రెండే నెంబర్లున్నాయండి. ఒకటి మీది. రెండోదానికి చేత్తే ఎవరో ఆడావిడ, ఇంగ్లీషులో మాట్టాడతన్నారు. మాకు అర్థం కాలేదు. మీరు చెప్తారా?"

ఎలా జరిగిందని అడిగాను. నిద్రలోనే పోయారట. రెండు రోజులు షెడ్డు తలుపు తెరుచుకోకపోతే కూరగాయల బండి ఆవిడకి అనుమానం వచ్చి, కనకాలపేటకి కబురు పంపిందట. తలుపు పగలగొట్టి చూశారట.

ఫోన్ పెట్టేసి వంటింట్లో పొయ్యి ఆపాను. తర్వాత ఆవిడకి చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. ఆ నెంబరు నుంచి ఫోన్ వచ్చిందనీ, ఎవరో ఏడుస్తూ మాట్లాడారనీ, ఏమిటో అర్థంకాక అప్పటినుంచి నాకోసం చూస్తున్నాననీ చెప్పింది. నేను చెప్పాను. నిద్రలో పోయారని చెప్పాను, ఏ రోజో చెప్పాను. ఆవిడ ఏడవలేదు. పోయేటప్పుడు ఆయన పక్కన ఎవరున్నారని అడిగింది.

తమ్ముడి కుటుంబం ఉందని చెప్పడానికి ఇంగ్లీషు వాక్యం నా నోట్లో సిద్ధంగా ఉంది. చెబితే ఆవిడ నమ్మేది. ఎక్కడో దూర దేశంలో ఒక్కతే ఉన్న మనిషికి ఆ రోజు కాస్త ఊరటగా ఉండేది.

ఎవరూ లేరు, అన్నాను.

అటునుంచి ఊపిరి వినిపిస్తూనే ఉంది. నేను ఇంకేమీ అనలేదు, ఫోనూ పెట్టెయ్యలేదు.